కొత్త క్లీనర్ చర్మానికి, కంటికి పడుతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

మీరడిగింది ఇదీ: నేల, టైల్స్ తుడిచే లిక్విడ్ ఒకటి తయారు చేశారు, అందులో మూడు సర్ఫ్యాక్టెంట్లు (సబ్బులా మురికి వదిలించేవి), కొంచెం కాస్టిక్ సోడా, ఆల్కహాల్ జాతి సాల్వెంట్ ఒకటి, సువాసన ఉన్నాయి. ఇది చర్మానికి, కంటికి ఇరిటేషన్ ఇస్తుందా అనేది ఎలా టెస్ట్ చేయించాలి, కుందేళ్ల మీదే చేయించాలా, చేతికి రాసుకుని చూస్తే ఏమీ కాలేదు కదా అది చాలదా, రేపు సువాసన మారిస్తే మళ్ళీ మొదటినుంచీ చేయాలా.

సూటిగా చెప్పేస్తా. కుందేళ్లు అక్కర్లేదు, చేతికి రాసుకున్నది లెక్కలోకి రాదు. వరస ఏంటంటే ముందు కాగితాలు, తర్వాత పీహెచ్, ఆ తర్వాత ల్యాబ్‌లో పెంచిన చర్మపు టిష్యూ మీద టెస్ట్, కంటి టెస్ట్ అన్నిటికన్నా చివర. మీలాంటి ఫార్ములాల్లో సగం పైన జవాబు మొదటి రెండు మెట్ల మీదే దొరికేస్తుంది, ల్యాబ్‌కి డబ్బు కట్టకముందే. నేను టాక్సికాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు ఈ టెస్టులే చేశాను, ఇప్పుడు ఎక్కువగా రిపోర్టులు చదివి లేబుల్ మీద ఏం రాయాలో చెప్పే పని, కాబట్టి ఆ రెండు వైపుల నుంచీ రాస్తున్నా.

ముందు చేతి సంగతి. మీరు రాసుకున్నది అరచేతికో ముంజేతికో, రెండు నిమిషాలుంచి కడిగేసి ఉంటారు. అరచేతి చర్మం మందం, పైన చచ్చిన పొర గట్టిగా ఉంటుంది, అక్కడ ఏమీ కాలేదంటే మిగతా చోట్ల కాదని కాదు. చర్మం ఎర్రబడటం, వాపు ఒక్కోసారి మర్నాడో ఆ మర్నాడో బయటపడతాయి, అందుకే అసలు పద్ధతుల్లో 24, 48, 72 గంటలకి చూస్తారు. ఇంకో మాట, మీ దాంట్లో కాస్టిక్ ఉంది. క్షారాలు పడిన వెంటనే పెద్దగా మంట పుట్టకపోవచ్చు, జారుడుగా మాత్రం అనిపిస్తుంది, ఈలోపు అవి చర్మంలో కొవ్వుని సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగుతుంటాయి. ఆసిడ్ అయితే పైన ప్రొటీన్ గడ్డకట్టి కొంత అడ్డం పడుతుంది, క్షారానికి ఆ అడ్డం కూడా ఉండదు. ఇక చేతి మీద చూసిన దాన్నిబట్టి కంటి గురించి చెప్పడం అసలు కుదరదు, కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మీద ఆ చచ్చిన పొరే లేదు. దయచేసి మీ దగ్గర పనిచేసేవాళ్ళ మీద కూడా ఇలా ప్రయత్నించకండి.

ఇంకో ముక్క కూడా ఇక్కడే చెప్పేస్తే తర్వాత గందరగోళం ఉండదు. ఇరిటేషన్ వేరు, కరోజన్ వేరు. ఎర్రబడి, వాచి, మళ్ళీ మామూలైపోతే ఇరిటేషన్. చర్మం పొర దాటి లోపలి కణజాలం చచ్చిపోయి మచ్చ మిగిలితే కరోజన్. చర్మానికి 14 రోజులు, కంటికి 21 రోజులు గడువు చూస్తారు, కంట్లో అయితే ఆ 21 రోజుల్లో పూర్తిగా మామూలు కాకపోతే దాన్ని ఇరిటేషన్ అనరు, తీవ్రమైన కంటి నష్టం కిందకి, అంటే కేటగిరీ 1కి పోతుంది. టెస్టులన్నీ తేల్చాలని చూసేది ఈ రెండు గీతలే: అసలు ఏమైనా అవుతుందా, అయితే అది తిరిగి మామూలవుతుందా.

కాగితాల దగ్గర మొదలుపెట్టండి. ప్రతి ముడిసరుకుకీ సప్లయర్ దగ్గర సేఫ్టీ డేటా షీట్ తీసుకోండి. 2వ సెక్షన్‌లో ప్రమాదాలు, 3లో ఏమేం ఎంతెంత ఉన్నాయి, 9లో పీహెచ్, 11లో టాక్సికాలజీ డేటా ఉంటాయి. మీరు వెతకాల్సిన కోడ్‌లు నాలుగు: హెచ్314 అంటే చర్మాన్ని కాలుస్తుంది, కంటిని పాడుచేస్తుంది, హెచ్315 చర్మానికి ఇరిటేషన్, హెచ్318 తీవ్రమైన కంటి నష్టం, హెచ్319 కంటికి ఇరిటేషన్. జీహెచ్‌ఎస్ (రసాయనాల ప్రమాదాలని కేటగిరీలుగా విడదీసే అంతర్జాతీయ పద్ధతి) లెక్క ప్రకారం హెచ్314, హెచ్318 ఉన్న పదార్థాలన్నీ కలిపి మీ ఫార్ములాలో 3% లేదా ఆపైన ఉంటే మొత్తం ఉత్పత్తి కంటికి కేటగిరీ 1 అయిపోతుంది, 1 నుంచి 3% లోపు అయితే కేటగిరీ 2, అంటే తిరిగి మామూలయ్యే ఇరిటేషన్. హెచ్319 ఉన్నవే అయితే 10% దగ్గర కేటగిరీ 2. చర్మానికి హెచ్314 ఉన్నవి 5% అయితే కాల్చేదే, 1 నుంచి 5% లోపు అయితే ఇరిటెంట్, హెచ్315 ఉన్నవి కలిపి 10% అయితే ఇరిటెంట్.

ఇక్కడ చాలామంది లెక్క తప్పేది ఎక్కడంటే సర్ఫ్యాక్టెంట్ డబ్బాలో వచ్చేది 100% సరుకు కాదు, ఎస్‌ఎల్‌ఈఎస్ అనే మామూలు సర్ఫ్యాక్టెంట్ 28% అనీ 70% అనీ రెండు రకాలుగా వస్తుంది. లెక్క వేయాల్సింది అందులో ఉన్న అసలు సరుకుకి, పేస్ట్ మొత్తం బరువుకి కాదు. కొన్ని పదార్థాలకి వాటి సొంత హద్దులుంటాయి, అవి ఉంటే పైన చెప్పిన మామూలు హద్దులు పక్కన పెట్టాలి. కాస్టిక్ సోడాకి యూరప్ జాబితాలో 5% నుంచి, 2 నుంచి 5% లోపు రెండూ చర్మాన్ని కాల్చే కేటగిరీలే, 0.5 నుంచి 2% లోపు చర్మానికి, కంటికి ఇరిటెంట్. కాబట్టి మీరు "కొంచెం కాస్టిక్" అన్నారు చూడండి, ఆ కొంచెం ఎంత అన్నదాని మీద సగం కథ ఆధారపడి ఉంది.

లెక్కలో కేటగిరీ 1 వచ్చిందని కంగారు పడొద్దు. సర్ఫ్యాక్టెంట్ల విషయంలో ఈ కూడికలు నిజానికన్నా కఠినంగా వస్తాయి. నీళ్ళల్లో విడిగా తిరిగే సర్ఫ్యాక్టెంట్ అణువులే ఎక్కువ హాని చేస్తాయి, గుంపుకట్టి మైసెల్‌లో ఉన్నవి అంత కాదు, రెండు రకాలు సరిగ్గా కలిపితే (ఆనయానిక్, అంటే రుణావేశం ఉన్న రకానికి, బీటైన్ అనే ఇంకో రకం తోడైతే అన్నమాట) గుంపులు బాగా కట్టి విడివి తగ్గుతాయి. రెండూ విడివిడిగా కంటిని బాధపెట్టేవే, కలిస్తే కొంచెం మెత్తబడతాయి. కూడిక లెక్కకి ఈ సంగతి తెలీదు, టెస్ట్‌కి తెలుస్తుంది. లెక్క కఠినంగా వచ్చి, మీకు అంత ఉండదు అనిపిస్తే అప్పుడు టెస్ట్ చేయించడంలో అర్థముంది. లెక్కలోనే ఏ కేటగిరీ రాకుండా, పీహెచ్ మామూలుగా ఉంటే చాలాసార్లు టెస్ట్ లేకుండానే ఆగిపోవచ్చు.

ఇక పీహెచ్. 2 లేదా అంతకన్నా తక్కువ, 11.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ముందు దాన్ని కాల్చేదిగానే చూస్తారు, కాదని చూపించాల్సిన బాధ్యత మీది. ఒట్టి నీళ్ళల్లో కాస్టిక్ 0.1% వేసినా పీహెచ్ 12 దాటుతుంది. కానీ ఆ 0.1% చర్మం మీద పడితే త్వరగానే తటస్థమైపోతుంది, అదే పీహెచ్ 12 ఉన్న సిలికేట్, కార్బొనేట్ బఫర్ ద్రావణం అయితే ఎంత తటస్థం చేసినా ఇంకా మిగిలే ఉంటుంది. అందుకే పీహెచ్ ఒక్కటే చాలదు, క్షార నిల్వ (తటస్థం చేయడానికి ఎంత ఆసిడ్ పడుతుందన్నది) ఎంతో కూడా టైట్రేషన్ చేసి, అంటే కొంచెం కొంచెంగా ఆసిడ్ కలుపుతూ కొలిచి చూడాలి. ఇది మీ దగ్గరే అరగంటలో అయ్యే పని, ల్యాబ్ అక్కర్లేదు. సాల్వెంట్ ఎక్కువున్న శాంపిల్లో పీహెచ్ మీటర్ చూపే అంకెని పూర్తిగా నమ్మకండి, ఎలక్ట్రోడ్ నీళ్ళ కోసం చేసింది. పీహెచ్ స్ట్రిప్‌తో తేల్చేసి రిపోర్టులో 11 అని రాసి పంపినవాళ్ళని చూశాను, అసలు విలువ 12.3, మొత్తం టెస్ట్ ప్లాన్ తలకిందులైంది.

పీహెచ్, నిల్వ రెండూ చూసి ఇది చర్మాన్ని కాలుస్తుంది అని తేలిపోతే ఇక కంటి టెస్ట్ చేయించొద్దు. చర్మాన్ని కాల్చేది కంటిని పాడుచేస్తుందనే అనుకుంటారు, లేబుల్‌కి అది చాలు. ఈ ఒక్క ముక్క తెలీక చర్మం కరోజన్ రిపోర్టు చేతిలో పెట్టుకుని కంటి టెస్ట్‌కి కూడా డబ్బు కట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

చర్మం టెస్ట్. మనిషి చర్మకణాలని చిన్న ఇన్సర్ట్‌ల్లో పెంచి, పైవైపు గాలికి వదిలి, చచ్చిన పొర కూడా వచ్చేదాకా పెంచుతారు. ఎపిడెర్మ్, ఎపిస్కిన్, స్కిన్‌ఎథిక్ అని రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఓఈసీడీ అనే దేశాల ఉమ్మడి సంస్థ ఇచ్చిన టెస్ట్ గైడ్‌లైన్లు రెండు, కరోజన్‌కి 431, ఇరిటేషన్‌కి 439. ఎపిడెర్మ్ మీద 439 అయితే 30 మైక్రోలీటర్ల లిక్విడ్ వేసి గంట ఉంచి, బాగా కడిగి, 42 గంటలు మళ్ళీ పెంచి, ఎంటీటీ అనే పసుపు ద్రావణంలో 3 గంటలు పెడతారు. బతికున్న కణం దాన్ని ఊదా రంగులోకి మారుస్తుంది, ఆ రంగుని కొలిచి నీళ్ళో సెలైన్ బఫరో వేసిన టిష్యూతో పోలుస్తారు. బతికినవి 50% లేదా తక్కువ అయితే ఇరిటెంట్, అంతకన్నా ఎక్కువ ఉంటే కాదు. 431లో 3 నిమిషాలకి, 60 నిమిషాలకి చూస్తారు, అదే రంగు, హద్దులు వేరు.

ఏది ముందు? మీ కాగితాలు, పీహెచ్ చూశాక కాల్చేలాగే ఉందనిపిస్తే 431 ముందు. మెత్తగా ఉంటుందనిపిస్తే 439 ముందు, అందులో ఏమీ కాదని వస్తే చర్మం కథ అక్కడితో అయిపోయింది. 439లో ఇరిటెంట్ అని వచ్చి మీరు 431 చేయించలేదనుకోండి, అది ఇరిటెంటా, కాల్చేదా అన్నది ఇంకా తేలనట్టే, 439 ఒక్కటే ఆ రెంటినీ విడదీయలేదు. మీ దాంట్లో కాస్టిక్ ఉంది కాబట్టి నేనైతే 431తోనే మొదలుపెడతా.

కంటి టెస్ట్ కొంచెం చిక్కు. చర్మానికి ఒకటి రెండు టెస్టులతో అయిపోతుంది, కంటికి ఒక్క టెస్ట్ అన్నీ చెప్పదు. ఎక్కువగా వాడేవి మూడు. మాంసం కోసం కోసిన పశువుల కళ్ళ నుంచి కార్నియా తీసి చేసే బీకాప్, గైడ్‌లైన్ 437. కోడి కళ్ళతో చేసేది 438. మనిషి కణాలతో పెంచిన కార్నియా లాంటి టిష్యూ మీద చేసేది 492, ఎపిఆక్యులర్ అందులో ఒకటి. బీకాప్‌లో కార్నియాని రెండు గదుల మధ్య బిగించి, శాంపిల్ వేసి, ఎంత మసకబారిందో కొలుస్తారు, తర్వాత ఫ్లోరెసిన్ రంగు ఎంత దాటిపోయిందో కొలుస్తారు, మసక విలువకి రంగు విలువని 15తో గుణించి కలిపితే వచ్చేది స్కోరు. 3 లేదా తక్కువైతే ఏ కేటగిరీ లేదు, 55 దాటితే కేటగిరీ 1, మధ్యలో పడితే ఈ టెస్ట్ ఏమీ చెప్పలేదు. ఎపిఆక్యులర్‌లో బతికినవి 60% పైన అయితే కేటగిరీ లేదు, తక్కువైతే ఏదో ఉంది కానీ 1 అనీ 2 అనీ చెప్పదు. ఇలా రెండు చివరలు తేల్చడం తేలిక, మధ్యలో ఉన్న కేటగిరీ 2 తేల్చడమే ఎప్పుడూ కష్టం. 2022లో వచ్చిన 492బి, 467 గైడ్‌లైన్లు ఆ ఖాళీని పూడ్చడానికే వచ్చాయి, మీ పదార్థం వాటి పరిధిలోకి వస్తుందా లేదా అన్నది ల్యాబ్‌ని ముందే అడగండి.

కాబట్టి ఇక్కడ కూడా అదే తెలివి, మీరు ఏది ఊహిస్తున్నారో దాన్నిబట్టి టెస్ట్ ఎంచుకోవాలి. ఏమీ కాదని గట్టి నమ్మకం ఉంటే ఎపిఆక్యులర్‌తో మొదలు. గట్టిగానే ఉంటుందనుకుంటే బీకాప్‌తో. బీకాప్‌లో ఆల్కహాల్‌లు, కీటోన్‌లు నిజానికన్నా ఎక్కువ స్కోరు తెచ్చుకుంటాయి, ఘన పదార్థాలు తక్కువ తెచ్చుకుంటాయి, ఇది గైడ్‌లైన్‌లోనే రాసుంది. మీ సాల్వెంట్ ఆల్కహాల్ జాతి అంటున్నారు కాబట్టి బీకాప్‌లో 55 దాటితే ఆ రిపోర్టుని అలాగే మింగేయకుండా సాల్వెంట్ ఒక్కటీ ఎంత తెచ్చుకుందో విడిగా చూపించమని అడగండి.

కుందేళ్ల సంగతి. ఈ పద్ధతి 1944లో జాన్ డ్రేజ్ అమెరికా ఎఫ్‌డీఏలో రూపొందించింది, అంతకు పదేళ్ళ ముందు లాష్ లూర్ అనే, కనురెప్పల వెంట్రుకలకి వేసే రంగు వల్ల కళ్ళు పోయిన కేసులు అక్కడ చట్టం మార్చేదాకా వెళ్ళాయి, ఆ నేపథ్యంలో వచ్చింది కాబట్టి అప్పట్లో దాని అవసరం నిజమే. ఇప్పటి గైడ్‌లైన్లలో కుందేలు చర్మానికి 0.5 మి.లీ. శాంపిల్ 4 గంటలు, కంట్లో 0.1 మి.లీ., తర్వాత ఎరుపుకి ఒక అంకె, వాపుకి ఒక అంకె. ఆ అంకె వేసేది మనిషి కన్ను. 1971లో వీల్, స్కాలా ఒకే పదార్థాలని చాలా ల్యాబ్‌లకి పంపి చూస్తే ఒకరు మెత్తనిది అన్నదాన్ని ఇంకొకరు తీవ్రం అన్నారు. కుందేలు కన్ను తక్కువ ఆర్పుతుంది, నీళ్ళు తక్కువ వస్తాయి, మనకి లేని మూడో రెప్ప ఉంటుంది, చర్మం మనకన్నా సున్నితం. కుందేలు టెస్టుల గైడ్‌లైన్లు 404 (చర్మం), 405 (కన్ను) ఇంకా ఉన్నాయి కానీ మిగతావన్నీ అయ్యాక, ఇంకేదీ తేల్చలేనప్పుడు మాత్రమే, అది కూడా ముందు ఒక్క జంతువుతో, 2012 నుంచి కంటి టెస్ట్‌కి మత్తు, నొప్పి మందులు ముందే ఇవ్వాలి. యూరప్‌లో కాస్మెటిక్స్‌కైతే 2013 నుంచి జంతువుల మీద టెస్ట్ చేసిన సరుకు అమ్మడమే కుదరదు. నేల తుడిచే క్లీనర్‌కి ఎవరైనా ల్యాబ్ మీకు నేరుగా కుందేలు టెస్ట్ కొటేషన్ పంపితే ఇంకో ల్యాబ్ చూసుకోవడం మంచిది, వాళ్ళు పాత లిస్టు పట్టుకుని కూర్చున్నారని అర్థం.

ఇప్పుడు అసలు తలనొప్పి, శాంపిల్. టెస్ట్ తప్పడం కన్నా శాంపిల్ తప్పుదారి పట్టించడమే ఎక్కువ చూశాను.

రంగు. టెస్ట్ చివర్లో కొలిచేది ఊదా రంగుని కాబట్టి మీ లిక్విడ్ నీలమో ఊదానో అయితే, కడిగినా టిష్యూలో మిగిలిపోతే, కణాలు చచ్చినా బతికున్నట్టు అంకె వస్తుంది. విటమిన్ సి లాంటివి, కొన్ని థయాల్‌లు (గంధకం ఉన్న పదార్థాలు) ఇంకో రకం, అవి కణం సాయం లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. రెంటికీ కంట్రోల్స్, అంటే పోల్చి చూసే అదనపు టెస్టులు, ఉన్నాయి: రంగుకైతే ఎంటీటీ వేయకుండా, ఎంటీటీని మార్చేవాటికైతే ముందే చంపిన టిష్యూ మీద, అదే శాంపిల్ వేసి ఎంత రంగు వస్తుందో చూసి తీసేయాలి. ఒక గాఢమైన నీలం టాయిలెట్ క్లీనర్ రిపోర్టు నా ముందుకొచ్చింది, బతికినవి 94% అని ఉంది, పీహెచ్ చూస్తే 1.5. ఆసిడ్ అంత మెత్తగా ఎలా ఉంటుందని రంగు కంట్రోల్ అడిగితే అది చేయనేలేదు. మళ్ళీ చేస్తే 94 కాస్తా 10 లోపుకి పడింది. అంకె ఎంత అందంగా ఉన్నా మిగతా కాగితాలతో పొసగకపోతే నమ్మకండి.

ఆవిరయ్యేవి. సాల్వెంట్ ఎక్కువుంటే టిష్యూ మీద వేసిన కాసేపటికే సగం ఎగిరిపోతుంది, అదే గ్లవ్ లోపల ఇరుక్కుంటే ఎటూ పోలేక చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. టెస్ట్‌లో మెత్తగా వచ్చిన సాల్వెంట్ గ్లవ్ లోపల మంట పుట్టించిందంటే ఆశ్చర్యం లేదు. చిక్కటి జెల్‌లకి కడగడమే సమస్య, 60 నిమిషాలు అనుకున్నది నిజానికి ఇంకా ఎక్కువసేపు ఉండిపోతుంది.

సాంద్రత. మీరు అమ్మేది గాఢంగా, వాడేవాళ్ళు నీళ్ళు కలిపి వాడతారు అనుకుంటా. లేబుల్ సీసాలో ఉన్నదానికి, కాబట్టి టెస్ట్ సీసాలో ఉన్నదాని మీదే. కలిపాక వాడేదాని గురించి వాడకం సూచనల్లో చెప్పాలనుకుంటే అది విడిగా చేయించుకోండి, కానీ ఆ రిపోర్టు చూపించి సీసా మీద గుర్తు తీసేయడం కుదరదు. ఈ ప్రయత్నం మాత్రం అందరూ ఒకసారైనా చేస్తారు.

ల్యాబ్‌కి పంపేటప్పుడు బ్యాచ్ నంబర్, తయారైన తేదీ, పూర్తి ఫార్ములా (గోప్యత ఒప్పందం రాసుకుని), పీహెచ్, నీళ్ళల్లో కరుగుతుందా, రంగు అన్నీ ఇవ్వండి. ఫార్ములా దాచిపెట్టి శాంపిల్ ఏ, శాంపిల్ బీ అని పంపితే పైన చెప్పిన కంట్రోల్స్ ఏవి పెట్టాలో వాళ్ళకెలా తెలుస్తుంది. ప్రభుత్వానికి సమర్పించాలంటే జీఎల్‌పీ (ల్యాబ్ పని నాణ్యతకి సంబంధించిన నియమాలు) కింద చేయమని ముందే చెప్పండి, అయిపోయాక జీఎల్‌పీ ముద్ర వేయమంటే ఎవరూ వేయలేరు. రిపోర్టు వచ్చాక మొదట మీ అంకె చూడకండి, పాజిటివ్ కంట్రోల్, అంటే ఇరిటేషన్ తప్పక ఇవ్వాల్సిన పదార్థం ఫలితం, చూడండి. 439లో అది 5% ఎస్‌డీఎస్ అనే సర్ఫ్యాక్టెంట్, దాని కింద టిష్యూ చావకపోతే ఆ రోజు మీ శాంపిల్‌కి వచ్చిన ఫలితానికి విలువ లేదు. మూడు టిష్యూల అంకెల స్టాండర్డ్ డీవియేషన్ (అవి ఒకదానికొకటి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 18% దాటినా అంతే.

అలర్జీ గురించి మీరు అడగలేదు కానీ సువాసన ప్రశ్నలో అది దాక్కుని ఉంది. పైన చెప్పిన టెస్టులేవీ అలర్జీని చూడవు. ఇరిటేషన్ ఎవరికైనా, మొదటిసారే రావచ్చు. అలర్జీ అలా కాదు, శరీరం ఒకసారి గుర్తుపెట్టుకున్నాక తర్వాతిసారి చాలా తక్కువ మోతాదుకే తిరగబడుతుంది, దాని టెస్టులు పూర్తిగా వేరే.

అందుకని సువాసన మార్పుకి నా జవాబు: 0.2, 0.3% లో ఉండే సువాసన మార్చినందుకు చర్మం, కంటి ఇరిటేషన్ టెస్టులు మళ్ళీ అక్కర్లేదు, కొత్త సువాసన డేటా షీట్‌లో హెచ్314, హెచ్318 లేవని చూసి, పాత రిపోర్టు ఎందుకు వర్తిస్తుందో ఒక పేజీ రాసి ఫైల్లో పెట్టుకోండి. కానీ అందులో అలర్జీ కలిగించే పదార్థాల జాబితా మాత్రం మళ్ళీ మొదటినుంచీ చూడాలి, హెచ్317 అన్న కోడ్ దానిదే. సర్ఫ్యాక్టెంట్ల నిష్పత్తి మారితే, బీటైన్ తగ్గించి ఖర్చు ఆదా చేద్దామనుకుంటే అప్పుడు కంటి టెస్ట్ మళ్ళీ చేయించాల్సిందే, పైన మైసెల్‌ల గురించి చెప్పింది దాని కోసమే. కాస్టిక్ పెరిగితే పీహెచ్, క్షార నిల్వ మళ్ళీ కొలవండి, అవి పాతవాటి దగ్గరే ఉంటే సరే.

కాస్టిక్ ఎంత శాతమో, పీహెచ్ ఎంతో, సాల్వెంట్ పేరేంటో చెప్పండి. 431తో మొదలుపెట్టాలా, అది వదిలేసి 439కి వెళ్ళొచ్చా అన్నది అవి చూశాక చెప్తా.